మన బ్రాంచీలకు కంప్యూటరు వచ్చిన వైనం

ఈ ప్రత్యేక సంచికకు బ్యాంకింగ్ చరిత్రలో ఏదైనా ఒక ఘట్టం గురించి వ్రాయమని సంఘం కార్యదర్శిగారు కోరారు. జాతీయీకరణ గురించి, విలీనాల గురించి పెద్దలు చాలామంది వ్రాశారు. నేను మాత్రం ఊరూరా చెదిరి ఉన్న బ్రాంచీలలో ఒక్కొక్క గుమాస్తా బల్ల మీదికీ కంప్యూటరు, దానిలో పనిచేసే ప్రోగ్రాము ఎలా చేరాయో వ్రాయదలచాను. బ్యాంకు అంటే సెల్‌ఫోనే అనుకునే మన మనుమలకు ఇది కొంత వింతగా ఉంటుంది.

ముందు పాత పద్ధతి చెప్పాలి. ఖాతా అంటే లెడ్జరులో ఒక ఫోలియో. ఖాతాదారు టోకెను పుచ్చుకుని బల్ల మీద కూర్చుంటే, ఆయన చెక్కు లెడ్జరు గుమాస్తా దగ్గరికీ, ఆఫీసరు దగ్గరికీ, చివరకు క్యాషియరు దగ్గరికీ ప్రయాణం చేసేది. సేవింగ్స్ ఖాతాలో 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ. ఆ ప్రొడక్టులు వేయడానికీ, లెడ్జర్లు బ్యాలెన్సు చేయడానికీ పట్టిన రాత్రులు మీకు గుర్తుండే ఉంటాయి. కొద్ది పైసల తేడా కోసం పాత వోచర్ల కట్టలు విప్పినవాళ్ళం మనం.

1983లో రిజర్వు బ్యాంకు డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. తరువాతి కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చినవారు ఆయనే. 1984లో ఇచ్చిన నివేదిక ఫలితంగా బ్రాంచీలకు వచ్చినవే లెడ్జరు పోస్టింగు యంత్రాలు. ఏ యంత్రానికి ఆ యంత్రం వేరు. ఒకదానిలో ఉన్న ఖాతా రెండోదానికి తెలియదు.

ఉద్యోగాలు పోతాయన్న భయం అప్పుడు నిజంగా ఉండేది. దాన్ని ఇప్పుడు కొందరు వెక్కిరిస్తారు. అది సరికాదు. ఎక్కడ, ఎన్ని యంత్రాలు, ఏ పనికి అన్న విషయాలపై సంఘాలు యాజమాన్యాలతో కూర్చుని 1983లోనూ, మళ్ళీ 1993లోనూ ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ ఒప్పందాలున్నాయి కనుకనే నలభై ఏళ్ళు దాటిన గుమాస్తాకు కూడా శిక్షణ దొరికింది, సీటు మిగిలింది.

తరువాతి దశ పూర్తి బ్రాంచి కంప్యూటరీకరణ. బ్రాంచిలో ఒక సర్వరు, దానికి తగిలించిన టెర్మినళ్ళు, కర్రుకర్రుమనే డాట్ మాట్రిక్స్ ప్రింటరు, వెనుక గదిలో యూపీఎస్ బ్యాటరీలు. కౌంటరులో పని వేగం పెరిగింది. కాని చిక్కల్లా ఎక్కడంటే, ప్రోగ్రాము ఏ బ్రాంచిదా బ్రాంచిలోనే ఉండేది. వడ్డీ రేటు మారితే హెడ్డాఫీసు నుంచి సర్క్యులరు వచ్చేది. ప్రతి బ్రాంచిలోనూ ఎవరో ఒకరు దాన్ని సిస్టములో మార్చాలి. ప్రోగ్రాములో సవరణ ఉంటే ఫ్లాపీలు సంచిలో వేసుకుని మనిషి బస్సెక్కాలి. అతడు జిల్లా తిరిగి వచ్చేసరికి మరో సవరణ సిద్ధం. ఒకే బ్యాంకులో, ఒకే నెలలో, రెండు బ్రాంచీలు రెండు రకాల ప్రోగ్రాములతో నడిచిన రోజులవి.

2001 జనవరి 1 నాటికి బ్యాంకుల వ్యాపారంలో 70 శాతం కంప్యూటరు మీదికి రావాలని కేంద్ర విజిలెన్స్ కమిషన్ గడువు పెట్టడంతో తొందర హెచ్చింది. అదే కాలంలో, 2000-01లో, స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద దేశంలో సుమారు లక్షమంది బ్యాంకు ఉద్యోగులు వెళ్ళిపోయారు. మన సభ్యులలో పలువురు వారే. పాత లెడ్జరు తెలిసినవారు వెళ్ళారు. కొత్త పద్ధతి తెలిసినవారు ఇంకా తయారు కాలేదు. ఆ మధ్యకాలం బరువు మిగిలిన సిబ్బంది మీద పడింది.

బ్రాంచీలను కలపడానికి దారి వేసినది మన హైదరాబాదే. రిజర్వు బ్యాంకు 1996లో ఇక్కడ స్థాపించిన ఐడీఆర్‌బీటీ సంస్థ, 1999 జూన్‌లో ఇన్ఫినెట్ అనే ఉపగ్రహ నెట్‌వర్కును ప్రారంభించింది. దాని కేంద్రం ఇక్కడే. ఆ తరువాత వచ్చినది కోర్ బ్యాంకింగ్. దీనిలో ప్రోగ్రామూ, ఖాతాలూ అన్నీ ఒక్క డేటా సెంటరులో ఉంటాయి. బ్రాంచిలో ఉండేది తెర, కీబోర్డు, లైను మాత్రమే. టెలిఫోను లైను అందని ఊళ్ళకు డాబా మీద గొడుగు యాంటెన్నా. ఇక ఫ్లాపీల సంచితో పని లేదు. రాత్రి అక్కడ మారిస్తే తెల్లారేసరికి అన్ని బ్రాంచీలలోనూ మారినట్లే. స్టేట్ బ్యాంకు 2008 నాటికి తన బ్రాంచీలన్నిటినీ ఈ పద్ధతిలోకి తెచ్చింది.

మారే ముందు చేసిన చాకిరీ మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. ఒకే మనిషికి మూడు పేర్లతో ఉన్న ఖాతాలు, తండ్రి పేరు లేని దరఖాస్తులు, ఏళ్ళ తరబడి కదలని ఖాతాలు, మసకబారిన సంతకాలు, అన్నీ సరిచేసి స్కాను చేయాలి. శనివారం మధ్యాహ్నం కౌంటరు మూసి, సోమవారం పొద్దున్న కొత్త తెర మీద తెరవాలి. మా బ్రాంచిలో ఆ రెండు రాత్రులూ అటెండరు దగ్గరనుంచి మేనేజరు దాకా ఎవరూ ఇంటికి పోలేదు. తరువాత లైను పోయిన రోజుల్లో, తెర ఎదుటే ఉన్నా నిల్వ చెప్పలేక ఖాతాదారులచేత మాటలు పడ్డవారూ వాళ్ళే.

ఫలితం ఏమిటంటారా? 2010 ఏప్రిల్ 1 నుంచి సేవింగ్స్ వడ్డీ రోజువారీ నిల్వ మీద లెక్కిస్తున్నారు. చేతితో అది అయ్యే పనేనా? పెన్షనుకు కరువు భత్యం మారితే ఏ బ్రాంచికాబ్రాంచి లెక్క కట్టే రోజులు పోయి, ఒక్కచోట లెక్క తేలుతోంది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం పెన్షను బ్రాంచికే పోనక్కరలేదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఇంటి దగ్గరే వేలిముద్ర వేసి పంపవచ్చు. పిల్లల దగ్గర ఊళ్ళు మారుతూ ఉండే మనవంటివారికి ఇది చిన్న మేలు కాదు.

పోయినదీ ఉంది. ఖాతాదారు ఇప్పుడు బ్రాంచికి కాదు, బ్యాంకుకు చెందినవాడు. సంతకం చూడకుండానే మనిషిని గుర్తుపట్టే గుమాస్తా అరుదయ్యాడు. మార్పు మంచిదే. కాని దాన్ని ఊరూరా మోసినవారు మనమే గనుక, మన బ్రాంచీలలో ఆ రోజులు ఎలా గడిచాయో సభ్యులు తలో పేజీ వ్రాసి సంఘానికి పంపాలని నా మనవి. మనం వ్రాయకపోతే చెప్పేవారు ఉండరు.