తాకే హక్కు: ఫిజిక్స్ ప్రొఫెసర్ దాకా దారి

ఉదయగిరి చరిత్ర అనగానే కొండ మీది కోట, 1514లో దాన్ని పట్టుకున్న కృష్ణదేవరాయలు గుర్తుకొస్తారు. ఆ కొండ కింద మాలపల్లె, మాదిగవాడ పిల్లలు ఏ బడికి పోయారు, ఎంతదాకా చదివారు అన్నది మాత్రం చరిత్ర కాకుండా పోయింది. అందుకే మేము ఒక ప్రశ్న వేసుకుంటున్నాం. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల నుంచి ఒక దళిత విద్యార్థి ఫిజిక్స్ ప్రొఫెసర్ కావాలంటే ఏమేం కావాలి?

ముందు ఒక తెలుగు ప్రొఫెసర్ జీవితం చూద్దాం. సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. నిజాం కాలేజీలో డిగ్రీ చేసి 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ వెలుగులోకి వచ్చింది ఆ ఏడాదే. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే ప్రొఫెసర్ అయ్యారు. తర్వాత ఉస్మానియా వైస్ చాన్సలర్, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1989లో చనిపోయారు. ఆయన ప్రతిభను మేము కాదనడం లేదు. ఆ ప్రతిభకు బడి, కాలేజీ, ప్రయోగశాల, గురువు వరసగా అందాయి. ఆ వరసలో ఒక్క మెట్టు లేకపోయినా ప్రతిభ అక్కడే ఆగిపోతుంది.

అదే కాలంలో మన వాడల్లో ఏం జరిగింది? అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో కేంద్రాలు పెట్టింది. వాడ పిల్లలకు అక్షరం అందించిన తొలి చోట్లలో మిషన్ బడులు ముఖ్యమైనవి. కానీ అక్షరం దాటి పైచదువుకు నెల్లూరు పోవాలి. అక్కడ వి.ఆర్. కాలేజీ వచ్చిందే 1920లో. మంచినీళ్ల బావి, నడిచే బాట అందరివీ అనడానికే 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత భగవంతం రామన్ ప్రయోగశాలలో అడుగుపెట్టారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టకుండా మెరిట్ గురించి మాట్లాడడం న్యాయం కాదు.

ప్రయోగశాల దాకా పోయినవాళ్లనూ కులం వదల్లేదు. నక్షత్రాల కాంతిని చదవడానికి 1920లో అయనీకరణ సమీకరణం ఇచ్చిన మేఘనాద్ సాహా బెంగాల్‌లో చిన్నకులంగా చూసే ఇంట్లో పుట్టాడు. ఆయన దళితుడు కాదు. అయినా కలకత్తా హాస్టల్లో పై కులాల పిల్లలు ఆయనతో కలిసి భోంచేయనన్నారు. అంతకుముందు ఊళ్లో ఒక డాక్టరు తన ఇంట్లో తిండీ నీడా ఇవ్వకపోతే ఆయన మిడిల్ స్కూలే చదివేవాడు కాదు.

ఫిజిక్స్‌కూ మనకూ ఉన్న తగువు ఇక్కడుంది. కవిత్వం గుడ్డిదీపం కింద చదువుకోవచ్చు. ఫిజిక్స్‌లో సగం చేత్తో నేర్చుకునేది. కటకాన్ని జరపాలి, లోలకాన్ని ఊపాలి, తీగకు కరెంటు కలపాలి, తప్పు రీడింగు వస్తే మళ్లీ తీయాలి. తాకకుండా ఫిజిక్స్ లేదు. తరతరాలుగా మనకు లేకుండా చేసింది ఆ తాకడమే. మేము డిగ్రీ చదివేటప్పుడు పరికరాలు బీరువాలో తాళం వేసి ఉండేవి. సీనియర్ల రికార్డులు చూసి రీడింగులు ఎక్కించాం. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు కాబట్టి, అది మోసమని చెప్పేవాళ్లు కూడా లేరు.

నెల్లూరు జిల్లాకు విశ్వవిద్యాలయం దగ్గరైంది 1954లో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక. రాజ్యాంగం రిజర్వేషన్‌కు దారి ఇచ్చింది. సీటు వచ్చింది సరే, బీరువా తాళం ఎవరి చేతిలో ఉంది?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఉదయగిరి, ఆత్మకూరు వాడల్లో మొదట సైన్సు చదివినవాళ్లు ఎవరో అడిగి రాసిపెట్టండి. ఎక్కడిదాకా పోయారో, ఎక్కడ ఆగారో, ఎవరు ఆపారో కూడా రాయండి. రేపు మీ బడికి పోగానే ప్రయోగశాల బీరువా తెరవండి. వెనక బెంచీ పిల్లని ముందు పిలవండి.