పేరు, లిపి, ఖ్యాతి: అంతర్జాలంలో తెలుగు పరిశోధకుని ఉనికి

పండితుని ఖ్యాతి తోటి పండితుల నోట వినబడడం పాత పద్ధతి. దానిని అంకెలలో చూపవచ్చునన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధానిది. 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ 'సైన్స్' పత్రికలో ఉల్లేఖన సూచికను ప్రతిపాదించినప్పుడు పరిశోధకులకు మార్కులు వేయడం ఆయన ప్రధానోద్దేశం కాదు. ఒక వ్యాసాన్ని తర్వాతివారు ఎవరెవరు ఉదహరించారో తెలుసుకొనే దారి చూపడమే ఆయన కోరినది. ఆయన సంస్థ 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్'ను వెలువరించింది. 2004లో గూగుల్ స్కాలర్ వచ్చింది. మరుసటి ఏడాది భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచిక, జీవితకాలపు కృషిని ఒక్క అంకెకు కుదించింది. వెదకడానికి పుట్టిన సాధనం తూకపురాయి అయింది.

తూచడానికి ముందు వ్యాసం ఎవరిదో యంత్రం గుర్తించాలి. తెలుగువారికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తినామం తర్వాత. పాశ్చాత్య సూచికలు చివరి పదాన్నే ఇంటిపేరుగా తీసుకొంటాయి. భద్రిరాజు కృష్ణమూర్తి ఆంగ్ల గ్రంథసూచికలలో తరచు 'కృష్ణమూర్తి' కింద, ఇంటిపేరు రెండు రోమన్ అక్షరాలకు కుదిసిపోయి కనిపిస్తారు. 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన 'ది ద్రవిడియన్ లాంగ్వేజెస్' మీద మాత్రం పూర్తి పేరు ఉంది. గిడుగు రామమూర్తి సవర భాషపై 1931లో ఆంగ్లంలో వెలువరించిన గ్రంథం జి.వి. రామమూర్తి పేరిట ఉంది. వీరు ప్రసిద్ధులు కనుక చదువరి పొరపడడు. యంత్రానికి ప్రసిద్ధి తెలియదు. పదో తరగతి ధ్రువపత్రంలో ఒక రూపం, సిద్ధాంతగ్రంథం మీద మరొకటి, వ్యాసం కింద ఇంకొకటి రాసుకొనే సామాన్య అధ్యాపకుడు దాని దృష్టిలో ముగ్గురు మనుషులు. 2012లో మొదలైన ఆర్కిడ్, మనిషిని పేరుతో గాక 16 అంకెల సంఖ్యతో గుర్తించే ఏర్పాటు. అది కొంత ఊరట.

లిపి సమస్య అంతకన్న లోతైనది. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు స్థానం లభించింది. అయినా మన డి.టి.పి. కేంద్రాలు చాలాకాలం అను వంటి ఫాంట్లనే వాడాయి. వాటిలో రోమన్ అక్షరాల స్థానాలమీద తెలుగు ఆకృతులను కూర్చారు. పుట కంటికి తెలుగే. వెదికే యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుస. 1924లో ఆరంభమైన 'భారతి' సంచికలు స్కాన్ ప్రతులుగా దొరుకుతున్నా, అక్షరాలుగా గుర్తింపబడనంతవరకు అవి బొమ్మలే. ఇటువంటి పుటలలో ఒక వ్యాసాన్ని ఎందరు ఉదహరించినా లెక్కకు రాదు. తెలుగు పరిశోధనకు ఉల్లేఖనలు తక్కువ అనే మాట వినిపించినప్పుడు, ఆ కొరత పరిశోధనదా, కొలబద్దదా అని అడగవలసి ఉంది.

ఈ అంకెలకు ఉద్యోగంతో ముడి పడకపోతే ఇదంతా గ్రంథాలయశాస్త్ర చర్చగా మిగిలేది. యుజిసి 2009 నిబంధనలు సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతుల సమర్పణను తప్పనిసరి చేశాయి. శోధగంగ వాటికి భాండాగారమయింది. 2010 నిబంధనలు ఎ.పి.ఐ. పాయింట్లను పదోన్నతికి జోడించాయి. పాయింట్ల కోసం దొంగ పత్రికలు పుట్టుకొచ్చాయి. నాణ్యమైన పత్రికలను గుర్తించడానికి 2018లో ప్రకటించిన కేర్ జాబితాను 2025లో నిలిపివేశారు. పత్రికను ఎంచుకొనే బాధ్యత తిరిగి సంస్థల మీద, పరిశోధకుల మీద పడింది.

ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే నిపుణుల పట్టిక పేరు 'విద్వాన్'. ఒకప్పుడు తెలుగు పండితులకు అది పరీక్ష నెగ్గితే వచ్చే పట్టం; ఇప్పుడు ఎవరి వివరాలు వారే నింపుకొనే పుట. ఆత్మస్తుతిని దోషంగా ఎంచే సంప్రదాయంలో పెరిగినవారికి ఈ పని సంకోచం కలిగించడం సహజమే. కాని తన వ్యాసం తనదేనని నమోదు చేయడం స్తుతి కాదు. పాత ఫైలు రచయిత దగ్గరో, డి.టి.పి. కేంద్రంలోనో మిగిలి ఉంటే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. అచ్చు ప్రతి ఒక్కటే మిగిలితే, దానిని స్కాన్ చేసి, తెలుగు అక్షరాలను గుర్తించే ఓ.సి.ఆర్. సాధనాలతో పాఠంగా మార్చి, ఒత్తులు, సున్నలు సరిచూసుకోవచ్చు.