హెచ్.ఎం. అనే రోగి – 1957 నాటి ఒక వ్యాసం కథ

నవంబరు నెలలో లైఫ్ సర్టిఫికెట్ల పని మీద నలుగురం కలిసినప్పుడు మన మాటల్లో సగం బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పులు. మిగతా సగం మతిమరుపు. "కళ్ళజోడు నెత్తి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతికానండీ" అని ఒకరంటే, "మీరే నయం, నేను బజారుకు వెళ్ళి ఎందుకు వచ్చానో గుర్తురాక తిరిగొచ్చాను" అని మరొకరు. నవ్వుకుంటాం. కాని ఆ నవ్వు వెనుక కాస్త భయం కూడా ఉంటుంది. ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు, రాజుల సంగతులకన్నా ఈ భయానికి సంబంధించిన ఒక చిన్న చరిత్ర చెబితే బాగుంటుందనిపించింది.

1957లో 'జర్నల్ ఆఫ్ న్యూరాలజీ, న్యూరోసర్జరీ అండ్ సైకియాట్రీ' అనే బ్రిటిష్ వైద్య పత్రిక 20వ సంపుటంలో 11వ పుట నుంచి 21వ పుట వరకు ఒక వ్యాసం అచ్చయింది. మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతింటే కొత్త జ్ఞాపకాలు ఎలా పోతాయన్నది దాని విషయం. వ్రాసినవారు ఇద్దరు. ఒకరు అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో సర్జన్ విలియం బీచర్ స్కోవిల్. రెండవవారు కెనడాలోని మాంట్రియల్ న్యూరొలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు బ్రెండా మిల్నర్. పట్టుమని పదకొండు పుటలు. జ్ఞాపకం గురించి తరువాత వ్రాసిన శాస్త్రజ్ఞులలో ఆ పదకొండు పుటలను ప్రస్తావించని వారు అరుదు.

హిప్పోకాంపస్ అంటే గ్రీకు భాషలో సముద్రపు గుర్రం. ఆ పేరుగల చిన్న చేప ఆకారంలో ఉంటుందని పూర్వపు శరీర శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. కణతల లోపల, మెదడు అడుగున, కుడివైపు ఒకటి ఎడమవైపు ఒకటి ఉంటుంది. అది చేసే పని ఏమిటో 1950 ప్రాంతంలో ఎవరికీ సరిగా తెలియదు. కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి ఎలుకల మెదళ్ళలో జ్ఞాపకం ఎక్కడ దాగి ఉందో వెతికి, ఫలానా చోట ఉందని చూపలేనని 1950లో వ్రాశాడు. జ్ఞాపకం మెదడంతా పరచుకుని ఉంటుందని అప్పట్లో చాలామంది నమ్మకం.

ఇక రోగి సంగతి. వ్యాసంలో అతని పేరు లేదు, హెచ్.ఎం. అని రెండు అక్షరాలే. చిన్నతనంలో సైకిలు తగిలి పడ్డాడు. ఆ తరువాత చిన్న చిన్న మూర్ఛలు, పదహారో ఏట నుంచి పెద్ద మూర్ఛలు. మోటార్లకు తీగ చుట్టే పనిలో ఉండేవాడు. మూర్ఛలు ముదిరి ఆ పనికీ వెళ్ళలేకపోయాడు. ఎన్ని మందులు ఎంత మోతాదులో వాడినా లొంగలేదు. 1953లో, అతనికి 27 ఏళ్ళప్పుడు, స్కోవిల్ నుదుటి ఎముకకు రెండు రంధ్రాలు చేసి, రెండు వైపులా హిప్పోకాంపస్‌నూ దాని చుట్టుపక్కల భాగాన్నీ తీసివేశాడు. ఎనిమిది సెంటీమీటర్ల వెనక్కి తీశానని ఆయన అంచనా. 1997లో స్కానింగ్ ఫలితాలు ప్రచురించినప్పుడు అది సుమారు అయిదేనని తేలింది. ఆ ఆపరేషన్ కేవలం ప్రయోగమని స్కోవిల్ తానే ఒప్పుకున్నాడు. రోగి, కుటుంబం తెలిసే సమ్మతించారని కూడా వ్రాశాడు. ఏం జరగబోతుందో డాక్టరుకే తెలియనప్పుడు వాళ్ళకు ఏం తెలిసి సమ్మతించినట్టు? ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మూర్ఛలు బాగా తగ్గాయి. తెలివి తగ్గలేదు, కొలిచి చూస్తే 104 నుంచి 112కు పెరిగింది కూడా. కాని అరగంట క్రితం భోజనం చేశాడో లేదో చెప్పలేడు. అతని కుటుంబం ఇల్లు మారితే కొత్త ఇంటికి దారి తెలియదు, పాత చిరునామా మాత్రం తప్పులేకుండా చెబుతాడు. చదివిన పత్రికనే మళ్ళీ మళ్ళీ కొత్తదానిలా చదువుతాడు. 1955 ఏప్రిల్ 26న మిల్నర్ పరీక్షించినప్పుడు, ఇది 1953 మార్చి అనీ, తన వయసు 27 అనీ చెప్పాడు. గదిలోకి వచ్చేముందే డాక్టర్ కార్ల్ ప్రిబ్రామ్‌తో మాట్లాడి వచ్చాడు, అయినా తనతో ఎవరూ మాట్లాడలేదన్నాడు.

ఆఫీసుల్లో తలనెరిసిన మనకు దీన్ని మన భాషలో చెప్పుకుంటే సులువుగా అర్థమవుతుంది. అతని రికార్డు రూము చాలావరకు పదిలంగా ఉంది. బల్ల మీద పెట్టిన కాగితాన్ని చక్కగా చదివి జవాబు ఇవ్వగలడు. లేనిది ఇన్‌వార్డు గుమాస్తా. వచ్చిన టపాకు నంబరు పడదు, ఏ ఫైలులోనూ చేరదు. బల్ల మీంచి తీశారంటే ఆ కాగితం ఇక రానట్టే. ఒకసారి 584 అనే సంఖ్య ఇచ్చి గుర్తుంచుకోమంటే, ఏవో లెక్కలు కట్టుకుంటూ పావుగంట సేపు నిలుపుకున్నాడు. మాట మరల్చిన కాసేపటికి తనకు సంఖ్య ఇచ్చిన సంగతే లేదు. జ్ఞాపకాలను నమోదు చేసే చోటు వేరు, ఎప్పటినుంచో దాచి ఉంచే చోటు వేరు అని లోకానికి తెలియజెప్పింది ఈ మనిషే.

ఈ వ్యాసం పుట్టిన తీరు కూడా చెప్పుకోదగినదే. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే ప్రసిద్ధ సర్జన్ ఒక వైపు మాత్రమే ఆపరేషన్ చేసిన ఇద్దరికి ఇలాంటి మరపే వచ్చింది. ఆ సంగతి ఆయన, మిల్నర్ కలిసి 1955లో ఒక సభకు నివేదించారు. అది చదివి, నా రోగిలోనూ ఇదే చూశానని స్కోవిల్ ఆయనకు ఫోను చేశాడు. మిల్నర్ రాత్రి రైలెక్కి హార్ట్‌ఫర్డ్ వెళ్ళింది. అంతకుముందు తీవ్రమైన మానసిక రోగులకూ స్కోవిల్ ఈ తరహా ఆపరేషన్లు చేసి ఉన్నాడు. వారి జబ్బు హడావుడిలో మరపును ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరూ కలిసి మొత్తం పదిమందిని పరిశీలించి వ్రాశారు. రెండు వైపులా ఇలా తీసివేయవద్దని తోటి సర్జన్లకు చెప్పడం ఆ వ్యాసం చేసిన మొదటి మేలు. తన చేతి తప్పును తన పేరుతోనే అచ్చు వేయించాడు స్కోవిల్. ఆయన తొందరపాటును నేను సమర్థించలేను. కాని ఫైలులో తన తప్పును తానే నోట్ చేసిన ఆఫీసర్లను మన సర్వీసులో ఎంతమందిని చూశాం చెప్పండి.

1962లో మిల్నర్ మరో సంగతి ప్రచురించింది. అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిలు నడపమంటే, మూడు రోజుల్లో హెచ్.ఎం. చెయ్యి బాగా కుదిరింది. అంతకుముందు ఆ పని చేసినట్టు మాత్రం అతనికి తెలియనే తెలియదు. చేతి పని నేర్పు మెదడులో మరోచోట నిలుస్తుందన్నమాట.

ఈ కథలో నన్ను కదిలించినది వేరే ఉంది. తనకు ఇష్టమైన మేనమామ ఆపరేషన్‌కు మూడేళ్ళ ముందు చనిపోయిన సంగతి కూడా హెచ్.ఎం.కు చెరిగిపోయింది. చెబితే విలవిల్లాడేవాడట. కొంతసేపటికి, మామయ్య ఎప్పుడొస్తాడని మళ్ళీ అడిగేవాడట. మా పెద్దన్నయ్యకు అల్జీమర్స్ వచ్చింది. ఆ జబ్బు మొదట్లోనే తినేసేది ఈ హిప్పోకాంపస్ ప్రాంతాన్నే. మా నడిపి అన్నయ్య ఏడని ఆయన అడిగినప్పుడల్లా, "పోయి మూడేళ్ళయింది కదా అన్నయ్యా" అని నేను నిజం చెప్పేవాణ్ణి. ఆయన అప్పుడే విన్నట్టు ఏడ్చేవాడు. ఈ వ్యాసం చదివాక గాని తెలియలేదు, నిజంగానే అప్పుడే విన్నాడని. ఇప్పుడు అడిగితే, నడిపన్నయ్య చెరువులో ఈత నేర్పిన రోజుల మాట ఎత్తుతాను. అది రికార్డు రూములో ఇంకా ఉంది. ఊరి పేరు, చెరువు గట్టు మీద చింతచెట్టు, అన్నీ ఆయనే చెబుతాడు.

కళ్ళజోడు మరచిపోవడం ఈ కోవలోది కాదని మిత్రులు గ్రహించాలి. రోజూ నడిచే దారి తప్పితే, అడిగినదే పదే పదే అడుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

హెచ్.ఎం. 82 ఏళ్ళ వయసులో 2008 డిసెంబరు 2న మరణించాడు. అప్పుడు గాని అతని పేరు హెన్రీ మొలైసన్ అని లోకానికి తెలియలేదు. యాభై ఏళ్ళకు పైగా శాస్త్రజ్ఞులు అడిగిన ప్రతి పరీక్షకూ ఓపికగా కూర్చున్నాడు. ప్రతిసారీ వాళ్ళు అతనికి కొత్తవాళ్ళే. మరుసటి ఏడాది శాన్ డియాగోలో అతని మెదడును 53 గంటల పాటు 2,401 పలుచని పొరలుగా కోసి భద్రపరిచారు. ఆ వివరాలు 2014లో అచ్చయ్యాయి.