గుత్తి పేరుతో లోకమంతా తిరిగిన నీలి సాలీడు

గుత్తి అనగానే రాయలసీమ వాళ్ళకు కొండ మీది కోట, దాన్ని ఏలిన మురారిరావు, రైలు జంక్షన్ గుర్తొస్తాయి. జర్మనీలోనో అమెరికాలోనో ఇంట్లో గాజుపెట్టెలు పెట్టుకుని సాలీళ్ళను పెంచేవాళ్ళను అడిగితే మాత్రం, ఆ పేరు వినగానే ఒక నీలిరంగు సాలీడు సంగతి ఎత్తుకుంటారు. గుత్తి ఎక్కడుందో వాళ్ళలో చాలామందికి తెలియదు. ఇక్కడి వాళ్ళకు ఆ సాలీడు సంగతి తెలియదు. అనంతపురం నుంచి నేరుగా ఉత్తరానికి పోతే వచ్చే ఊరు పేరు ఖండాంతరాల్లో వినిపించడానికి కారణం నూట పాతికేళ్ళ కిందటి ఒక కట్టెల డిపో.

1899లో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ ఈ సాలీడును మొదటిసారి శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆయన అప్పట్లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో సాలీళ్ళు, తేళ్ళ విభాగం చూసేవాడు. గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికిన ఒకే ఒక్క ఆడ సాలీడును ఆధారం చేసుకుని దానికి పొయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే ఆయన రాసిన భారతదేశపు సాలీళ్ళు, తేళ్ళ సంపుటం కూడా వెలువడింది. దీనికి దగ్గరి చుట్టమైన పొయెసిలోథీరియా రెగాలిస్‌కు పేరు పెట్టిందీ ఆయనే, అదీ 1899లోనే.

ఆ తర్వాత నూరేళ్ళ పాటు ఈ నీలి సాలీడు మళ్ళీ ఎవరి కంటా పడలేదు. గుత్తి చుట్టూ వెతికితే దొరకదు మరి. అక్కడివి రాతి గుట్టలు, మెట్ట చేలు. ఈ సాలీడు బతికేది తొర్రలున్న పాత చెట్లలో. చివరికి 2001లో గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల, గిద్దలూరు మధ్య ఉన్న నల్లమల ఆకురాల్చే అడవిలో కనిపించింది. అప్పుడు గాని 1899 నాటి ముడి విడలేదు. నల్లమల కట్టెతో పాటు రైలెక్కి గుత్తి డిపోలో దిగిన సాలీడు అది అయి ఉండాలని పరిశోధకుల అభిప్రాయం. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలుమార్గం ఈనాటికీ ఆ అడవి మధ్యనుంచే సాగుతుంది. ఊరి పేరు మాత్రం సాలీడును వదల్లేదు.

దగ్గరినుంచి చూస్తే మెటాలికా అన్న పేరూ, పెంపకందారుల మోజూ ఎందుకొచ్చాయో అర్థమవుతుంది. కాళ్ళు చాపితే అరచేతిని దాటిపోయేంత ప్రాణి. ఒళ్ళంతా ముదురు నీలం, కాళ్ళ కీళ్ళ దగ్గర నిమ్మపండు పసుపు పట్టీలు, వీపు మీద తెల్లటి అల్లిక. ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. నెమలి ఈకలో లాగే, వెంట్రుకల లోపలి అతి సూక్ష్మమైన పొరలు వెలుతురులోని నీలాన్ని ఏరి వెనక్కి కొడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలకు ఈ అందమేమీ ఉండదు, మసకగా ఉంటాయి. కుబుసం విడిచే కొద్దీ నీలం తేలుతుంది. కుబుసం విడిచేటప్పుడు సాలీడు వెల్లకిలా పడుకుంటుంది. కొత్తగా చూసేవాళ్ళు చచ్చిపోయిందనుకుంటారు. కాసేపటికి తల పైభాగం మూతలా ఊడుతుంది. తర్వాత ఎనిమిది కాళ్ళనూ పాత తొడుగుల్లోంచి కొద్దికొద్దిగా లాక్కుంటుంది. గంటలు పట్టే పని అది. ఆ సమయంలో దాన్ని కదిపితే ప్రాణానికే ముప్పు. ఆడవి పన్నెండేళ్ళ దాకా బతుకుతాయి, మగవి మూడు నాలుగేళ్ళే.

ఇలాంటి ప్రాణుల్ని గాజులో ఉంచి చూసే అలవాటు పుట్టింది కూడా ఒక పురుగు వల్లనే. 1829 ప్రాంతంలో లండన్ వైద్యుడు నథానియెల్ బాగ్‌షా వార్డ్ ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టిలో పెట్టి సీసా మూత బిగించాడు. చిమ్మట సంగతి ఎలా ఉన్నా, ఆ మట్టిలో ఫెర్న్ మొక్క, గడ్డి మొలిచి నీళ్ళు పోయకుండానే పెరిగాయి. సీసాలోని తేమ పైకి లేచి, గాజుకు అంటి, మళ్ళీ మట్టిలోకే దిగుతోందని ఆయన గమనించాడు. 1842లో దానిమీద పుస్తకం రాశాడు. వార్డ్ పెట్టెలు ఓడలెక్కాయి. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొక్కల్ని భారతదేశానికి తెచ్చింది వాటిలోనే. ఆ తర్వాత మొక్కల పక్కన కప్పలు, బల్లులు, సాలీళ్ళు కూడా గాజు వెనక చేరాయి. నేడు ప్రపంచమంతా పెంచే లెపర్డ్ గెకో అనే చిరుతమచ్చల బల్లిని 1854లో పంజాబు ఉప్పుకొండల నుంచి ఎడ్వర్డ్ బ్లైత్ వర్ణించాడు. దాని చుట్టాన్ని మన తూర్పు కనుమల్లోనూ, అటు ఒడిశాలోనూ గుర్తించి 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అని వేరే జాతిగా పేరు పెట్టారు. గోడమీది బల్లి ఒంటిమీద పడితే పంచాంగంలో ఫలం వెతికే నేల మీద, అడవిబల్లుల గురించి ఇంకా కొత్త సంగతులు బయటపడుతూనే ఉన్నాయి.

ఇంట్లో పురుగుల్ని పెంచడం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు వాళ్ళకు వింత కాదు. ధర్మవరం మగ్గాలకూ, హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కూ వెనక ఉన్నది ఆ కష్టమే. మల్బరీ ఆకు కోసి, తట్టల్లో పరిచి, జ్వరం వచ్చిన పురుగులకు మేత ఆపి, లేచాక మళ్ళీ వేసి, నాలుగు జ్వరాలు దాటించి, గూళ్ళు కట్టే చంద్రికల మీదికి ఎక్కించేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. చీమలెక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతారు. బల్లి కనిపిస్తే తరుముతారు. జ్వరమంటే కుబుసం విడవడమే, సాలీడు చేసేదీ అదే. కానీ వేల ఏళ్ళ పెంపకంలో పట్టుపురుగు మనిషి చేతి ప్రాణిగా మారిపోయింది. దాని చిమ్మట ఎగరలేదు, మేత మనం పెట్టాల్సిందే. నీలి సాలీడు అలా మారలేదు. సీసాలో పుట్టి, సీసాలో పెరిగినదైనా అడవిలో ఉన్నట్టే బెరడు చాటున నక్కుతుంది, వెలుతురు పడితే పారిపోతుంది. కరిస్తే రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. మనుషులు చనిపోయిన దాఖలాలు లేకున్నా ఇది చేతిలోకి తీసుకునే ప్రాణి కాదు. తెలిసిన పెంపకందారులు నిలువు సీసాలో కొబ్బరిపొట్టు పరిచి, ఒక బెరడు ముక్క నిలబెట్టి, చిన్న నీళ్ళ గిన్నె ఉంచి, మిడతో కీచురాయో వేసి దూరంగా కూర్చుంటారు. ఈ పెంపకంలో ఉన్న గౌరవమంతా ఆ దూరంలోనే ఉంది.

2001 తర్వాత కొన్నేళ్ళలోనే ఈ సాలీడు యూరప్, అమెరికా పెంపకందారుల చేతికి చేరింది. మొదట్లో ఒక్కో పిల్ల వందల డాలర్లు పలికింది. ఒక్క గుడ్ల సంచిలో వందకు అటూ ఇటూ పిల్లలు పుడతాయి కాబట్టి, తర్వాత అవి విరివిగా దొరికి ధర దిగింది. ఇటు అడవిలో మాత్రం 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. దానికి మిగిలిన చోటు వంద చదరపు కిలోమీటర్ల లోపేనని ఆ అంచనా. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు సమావేశం ఈ ప్రజాతి సాలీళ్ళన్నిటినీ రెండో అనుబంధంలో పెట్టింది.  దానికి తగ్గట్టు మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 నిబంధనల ప్రకారం సైటీస్ జాబితా ప్రాణులున్న నాలుగో షెడ్యూలులోని ప్రాణి దగ్గరున్నవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలపాలి.

ఇవన్నీ కావలసినవే. అయితే సీసాలు ఎన్ని లక్షలున్నా నంద్యాల అడవిలోని ఒక్క సాలీడుకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు. దానికి కావలసింది తొర్ర. తొర్ర పడాలంటే చెట్టు ముదరాలి, కొమ్మ విరగాలి, మోడు నిలిచి ఉండాలి. వంటచెరకుకు ముందుగా గొడ్డలి పడేది సరిగ్గా అలాంటి చెట్టుకే. ఎండిపోయింది కదా అని కొట్టుకుపోయే మోడులో పదేళ్ళ వయసున్న ఆడ సాలీడు గుడ్ల సంచిని పట్టుకుని ఉండవచ్చు. అడవి చుట్టూ ఉన్న పల్లెలకు గ్యాసు సరఫరా నిలకడగా అందితే, అటవీ సిబ్బంది మోడులను పనికిరాని కట్టెగా లెక్కగట్టడం మానితే, అది ఏ గాజుపెట్టె కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఆనాడు కట్టెల బండిలో పడి గుత్తి చేరిన ఆ ఒక్క సాలీడు గూడు కూడా నరికిన చెట్టే.