బైక్‌పై ఫోన్లకు సొంత ప్లేటు: కొలతలు, వైరింగ్, చట్టం

సాయంత్రం వేళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పేరున్న హోటల్ ముందు ఆగి ఉన్న డెలివరీ బళ్లను గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. హ్యాండిల్ మీద ఒక ఫోన్ హోల్డర్, కొన్నింటికి రెండో ఫోన్, ట్యాంకుకు రబ్బరు బ్యాండుతో కట్టిన పవర్ బ్యాంకు, మధ్యలో గాలికి ఊగే తీగలు. లద్దాఖ్ ప్రయాణానికి సిద్ధమైన బళ్ల మీదైతే యాక్షన్ కెమెరా, జీపీఎస్ కూడా చేరతాయి. వీటికి బండి తయారు చేసినవారు చోటు పెట్టలేదు. కారుకు డాష్‌బోర్డు ఉంది. బైక్‌కు ఉన్నది ఒక గొట్టం మాత్రమే.

ఒక్కో వస్తువుకు ఒక్కో క్లాంపు బిగిస్తూ పోతే క్లచ్ కేబుల్, బ్రేక్ గొట్టం కదలడానికి చోటుండదు. అందుకే చాలామంది హ్యాండిల్‌పై అడ్డంగా చిన్న ప్లేటు బిగించి, అన్నింటినీ దాని మీదకు చేరుస్తున్నారు. రేకు కోసి నాలుగు రంధ్రాలు వేయడం ఒక సాయంత్రం పని. బండి పాడయ్యేదీ, మనిషికి ప్రమాదం వచ్చేదీ రేకు వల్ల కాదు, దాని చుట్టూ చేసే పనుల వల్ల.

ముందు చట్టం

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. బోల్టులు విప్పితే ఊడివచ్చే ప్లేటుకూ, హ్యాండిల్‌కు వెల్డింగ్ చేసిన ప్లేటుకూ తేడా ఇక్కడే ఉంది. వెల్డింగ్ వేడికి గొట్టం బలం కూడా తగ్గుతుంది కాబట్టి, చట్టం సంగతి పక్కన పెట్టినా అది చెడ్డ పనే. హెడ్‌లైట్ ముసుగును కోయడం, ఇండికేటర్లను పక్కకు జరపడం కూడా ఆ కోవలోకే వస్తాయి. నాలుగు బోల్టులు తీసేస్తే బండి షోరూం నుంచి వచ్చినట్టే కనిపించాలి.

ఫోన్ వాడకం వేరే సంగతి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ, బండి నడిపేటప్పుడు చేతి పరికరాలను దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడని రీతిలో వాడవచ్చని చెప్పింది. అంటే మ్యాప్‌కు అనుమతి ఉంది, వీడియోకు లేదు. ఆర్డర్ వచ్చిన ప్రతిసారీ తెరపై వేలు ఆడించాల్సిన డెలివరీ రైడర్ ఈ గీతకు ఏ వైపున ఉన్నాడన్నది ఇబ్బందికరమైన ప్రశ్నే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి రెండు సెకన్లలో 33 మీటర్లు దాటుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. అందుకే ప్లేటు ఎత్తు అందానికి సంబంధించిన విషయం కాదు. తెర రోడ్డుకు దగ్గరగా, చూపు పెద్దగా కిందకు దించకుండా కనిపించాలి. అయితే స్పీడోమీటరును, హెచ్చరిక దీపాలను, తాళం రంధ్రాన్ని మూయకూడదు. ఈ రెండూ కుదిరే చోటు చాలా బళ్లలో ఒక్కటే, మీటరుకు కాస్త పైన, అద్దాల కన్నా బాగా కింద.

రేకు, క్లాంపులు

ముందుగా అట్టముక్కను ప్లేటు ఆకారంలో కోసి హ్యాండిల్‌పై టేపుతో అతికించి చూడాలి. హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు పూర్తిగా తిప్పినప్పుడు అట్ట ట్యాంకుకు, విండ్‌స్క్రీన్‌కు, కేబుళ్లకు తగలకూడదు. రెండు ఫోన్ హోల్డర్లు, ఒక యూఎస్‌బీ సాకెట్ పట్టడానికి 18 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతాయి. ఆ కొలతలో 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు 130 గ్రాములు తూగుతుంది. అదే ఇనుమైతే 380 గ్రాములు. అక్రిలిక్ చూడటానికి బాగుంటుంది గానీ బోల్టు రంధ్రం దగ్గర బీట వేస్తుంది. ప్లైవుడ్ ఒక్క వానాకాలం తర్వాత ఉబ్బుతుంది. అల్యూమినియం ముక్కలు కిటికీ ఫ్రేములు చేసే దుకాణాల్లో తూకానికి దొరుకుతాయి.

అంచులను ఆకురాయితో అరగదీసి మూలలను గుండ్రంగా చేయడం చాలామంది వదిలేసే పని. బండి దేనికైనా గుద్దుకుంటే నడిపేవాడి ఛాతీ, ముఖం ముందుకు వెళ్లేది ఈ ప్లేటు మీదకే. పదునైన మూలతో ఉన్న రేకు అక్కడ ఉండకూడదు. అంచు చుట్టూ చీల్చిన రబ్బరు గొట్టం తొడిగితే ఇంకా మంచిది.

క్లాంపు విషయంలో ప్లంబింగ్ దుకాణం ఒక అనుకోని సాయం చేస్తుంది. మన దేశంలో చాలా బైకుల హ్యాండిల్ గొట్టం బయటి వ్యాసం 22.2 మిల్లీమీటర్లు. ఇళ్లలో వేడినీళ్లకు వేసే ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు బయటి వ్యాసమూ అంతే. కాబట్టి ఆ పైపు కోసం అమ్మే లోహపు క్లాంపులు హ్యాండిల్‌కు సరిపోతాయి (ప్లాస్టిక్‌వి వద్దు, ఎండకు పెళుసెక్కుతాయి). కొన్ని హ్యాండిళ్లు మధ్యలో లావుగా ఉంటాయి కాబట్టి కొలవకుండా కొనకూడదు. వెర్నియర్ లేకపోతే గొట్టం చుట్టూ దారం ఒక చుట్టు చుట్టి కొలిచినా చాలు. దారం 70 మిల్లీమీటర్లు వస్తే 22.2 గొట్టం, 80 వస్తే 25.4, 90 వస్తే 28.6. క్లాంపు కింద పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే జారదు, గొట్టంపై గీతలు పడవు.

స్కూటర్లకు ఈ పద్ధతి కుదరదు. వాటి హ్యాండిల్ ప్లాస్టిక్ ముసుగులో ఉంటుంది. అక్కడ అద్దం కాడ మొదట్లో పట్టీ బిగించడమే దారి, అదీ ఒక్క ఫోన్ బరువుకే. అద్దం విప్పేటప్పుడు కొన్ని యమహా బళ్లలో కుడివైపు మర ఎదురు తిరుగుడని గుర్తుంచుకోవాలి. తెలియక బలం పెడితే మర పోతుంది.

అదురు

2021 సెప్టెంబరులో యాపిల్ ఒక హెచ్చరిక ఇచ్చింది. శక్తిమంతమైన మోటారుసైకిల్ ఇంజిన్ల అదురు హ్యాండిల్ ద్వారా ఐఫోన్‌కు చేరితే కెమెరా దెబ్బతినవచ్చని, అలాంటి బళ్లపై ఫోన్ బిగించవద్దని చెప్పింది. స్కూటర్ల వంటి చిన్న బళ్లపైనా అదురును తగ్గించే మౌంటు వాడమంది. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే కెమెరాల్లో లెన్స్ సన్నని ఆధారాలపై కదులుతూ ఉంటుంది. గంటల కొద్దీ అదురు దాన్నే పాడు చేస్తుంది. ఆ ఏర్పాటు ఉన్న ఏ కంపెనీ ఫోన్‌కైనా ఇదే భయం.

నివారణ ఖరీదైనదేమీ కాదు. ప్లేటుకూ క్లాంపుకూ మధ్య బోల్టు పైన, కింద మెత్తటి రబ్బరు బుష్‌లు పెట్టాలి. బోల్టు రేకును నేరుగా తాకకూడదు, తాకితే రబ్బరు పెట్టిన ప్రయోజనం ఉండదు. మామూలు నట్టు బదులు లోపల నైలాన్ వలయం ఉన్న నైలాక్ నట్టు వాడాలి. కెమెరా మీద సంపాదన ఆధారపడిన వారికి ఇంకా తేలిక మార్గం, ప్లేటు మీద పాత ఫోన్ పెట్టి మంచి ఫోన్ జేబులో ఉంచుకోవడం.

కరెంటు ఎక్కడి నుంచి

వీధి మెకానిక్ దగ్గర ఎక్కువగా చెడేది ఈ పనే. దగ్గరలో ఉన్న తీగ కోసి యూఎస్‌బీ సాకెట్ తగిలించి పంపేస్తారు. ఆ దగ్గరి తీగ చాలాసార్లు హెడ్‌లైట్‌దే అవుతుంది. పాత కార్బ్యురేటర్ బళ్లలో హెడ్‌లైట్‌కు మాగ్నెటో నుంచి నేరుగా ఏసీ కరెంటు వస్తుంది. డీసీ కోసం చేసిన ఛార్జర్ దానికి తగిలిస్తే కాలిపోతుంది. హారన్, బ్రేక్ లైటు నడిచేది బ్యాటరీ మీద.

సరైన పద్ధతి ఇది. బ్యాటరీ ప్లస్ నుంచి కొత్త తీగ లాగాలి. బ్యాటరీకి ఒక జానెడు దూరంలోపే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు సాకెట్ దగ్గర ఉంటే లాభం లేదు, ఎందుకంటే దారిలో తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే కాలేది ఫ్యూజు కాదు, తీగ. ఫ్యూజు తర్వాత నాలుగు కాళ్ల రిలే వస్తుంది. 30వ కాలుకు బ్యాటరీ తీగ, 87కు యూఎస్‌బీ సాకెట్, 85కు ఎర్త్, 86కు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఏదైనా డీసీ తీగ. అప్పుడు తాళం తీస్తే సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది.

ఆ చివరి మాట ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క చెబుతుంది. ఒక్కో ఫోన్ 10 వాట్ల చొప్పున రెండింటికి 20 వాట్లు. ఛార్జర్‌లో పోయేదీ కలిపితే బ్యాటరీ నుంచి దాదాపు 2 ఆంపియర్లు. 100 సీసీ శ్రేణి బళ్ల బ్యాటరీ 3 ఆంపియర్-అవర్ల స్థాయిది. ఇంజిన్ ఆపి ఆర్డర్ కోసం గంటసేపు నిలబడి ఫోన్లు ఛార్జ్ చేస్తే సెల్ఫ్ స్టార్ట్ మొరాయించడం ఖాయం. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లలో హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ నెమ్మదిగా తిరిగే వేళ బ్యాటరీకి తిరిగి చేరేదీ తక్కువే.

బండి అసలు వైరింగ్‌ను కోయకుండా కనెక్టర్ల ద్వారా తీగ తీసుకోవాలి, వారంటీ ఉన్న బండికి మరీ. హ్యాండిల్ మెడ దగ్గర తీగకు కాస్త వదులు ఇచ్చి తొడుగు వేయాలి. రోజుకు వందలసార్లు మడిచి విప్పే చోటు అదే.

ఎండ, వాన

ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని దాని కంపెనీ చెబుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నానికి ఈ హద్దు లెక్కలోకే రాదు. తెర వెలుగు పూర్తిగా పెట్టి, ఛార్జింగ్ చేస్తూ, వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉంచితే ఫోన్ వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది. ఎండాకాలం సంచి తీసేసి, ప్లేటు పైన నాలుగు వేళ్ల వెడల్పు రేకు ముక్క చూరులా వంచితే తెరపై నీడ పడుతుంది, వెలుగు తగ్గించుకోవచ్చు. వానలో ఇబ్బంది వేరు. ఛార్జింగ్ రంధ్రంలో తడి చేరితే చాలా ఫోన్లు ఛార్జింగ్ తీసుకోవు. సాకెట్‌ను ప్లేటు కింది వైపు, నోరు నేలకు ఉండేలా బిగిస్తే నీరు నిలవదు. కేబుల్ కూడా సాకెట్ కన్నా కిందకు ఒక వంపు తిరిగి రావాలి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.

బిగించిన తర్వాత మొదట ఖాళీ ప్లేటుతో, ఫోన్ లేకుండా, గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి చూడాలి. వంద కిలోమీటర్లకు ఒకసారి నట్లన్నీ మళ్లీ బిగించాలి. రబ్బరు సర్దుకుని వదులయ్యేది ఆ మొదటి వందలోనే.