నల్గొండ లోక్‌సభ నియోజకవర్గం

తెలంగాణలోని 17 లోక్‌సభ స్థానాల్లో నల్గొండ ఒకటి. దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్గొండ శాసనసభ స్థానాలు దీని పరిధిలోకి వస్తాయి. వీటిలో దేవరకొండ ఎస్టీలకు రిజర్వు అయింది. 2016లో జిల్లాలను విభజించాక ఈ ప్రాంతం నల్గొండ, సూర్యాపేట జిల్లాల మధ్య విడిపోయింది.

ఇక్కడి రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు నీళ్లు ఎటు పారుతున్నాయో చూడాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడలు వరి పొలాలతో, రైస్ మిల్లులతో కలిగిన ప్రాంతాలయ్యాయి. దేవరకొండ వైపు మెట్ట భూములు, లంబాడా తండాలు, బోరు బావుల మీదే ఆధారపడ్డ సేద్యం. నాగార్జునసాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. డ్యామ్ ఈ జిల్లా అంచునే ఉన్నా, ఎత్తున ఉన్న పల్లెలకు ఆ నీరు ఎక్కలేదు. ఈ తేడా తర్వాతి ఎన్నికల్లో పదే పదే బయటపడింది.

1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు కొద్ది నెలల ముందే, అంటే 1951 అక్టోబరులో, కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో ఆ పార్టీ వారు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీకి దిగారు. అప్పట్లో నల్గొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఆంధ్ర మహాసభ నాయకుడు, బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి, ఆయనతో పాటు సుంకం అచ్చాలు గెలిచారు. రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడ్డాయి. దేశం మొత్తమ్మీద ఏ అభ్యర్థికీ అన్ని ఓట్లు రాలేదు. జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2,33,571. నెహ్రూది కూడా ఇద్దరు సభ్యుల స్థానమే కాబట్టి ఈ పోలిక సరైనదే. దొరల గడీలకు వెట్టి చేసిన మనుషులు మొదటిసారి ఓటు చేతికొచ్చినప్పుడు ఎటు నిలబడ్డారో ఆ అంకె చెబుతుంది. నల్గొండకున్న ఎర్ర జిల్లా అన్న పేరు వెనక బలంగా ఉన్నది ఆ తీర్పే.

1957లో సాయుధ పోరాట నాయకుల్లో ఒకరైన దేవులపల్లి వెంకటేశ్వరరావు, 1962లో మళ్లీ రావి నారాయణరెడ్డి నెగ్గారు. 1967లో కాంగ్రెస్ అభ్యర్థి మహమ్మద్ యూనస్ సలీం గెలవడంతో కమ్యూనిస్టుల వరుస తెగింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత 1971లో తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలోని 14 స్థానాల్లో పదింటిని గెలుచుకుంది. నల్గొండ కూడా వాటిలో ఉంది. ఇక్కడి నుంచి కంచర్ల రామకృష్ణారెడ్డి ఎన్నికయ్యారు. 1977లో అబ్దుల్ లతీఫ్, 1980లో టి. దామోదర్‌రెడ్డి కాంగ్రెస్ తరఫున, 1984లో ఎం. రఘుమారెడ్డి తెలుగుదేశం తరఫున, 1989లో చకిలం శ్రీనివాసరావు కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1991లో సీపీఐ నాయకుడు, గీత కార్మికులను సంఘటితం చేసిన బొమ్మగాని ధర్మభిక్షం విజయంతో ఎర్రజెండా తిరిగొచ్చింది.

భారత ఎన్నికల చరిత్రలో నల్గొండ పేరు నిలిచిపోయింది మాత్రం 1996లోనే. అప్పటికి మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్, చండూరు ప్రాంతాల్లో రెండు మూడు తరాలు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగి, కాళ్లు వంకరపోయి బతుకుతున్నాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. ఇక్కడి అనేక బోర్లలో అది అంతకు చాలా ఎక్కువ. పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరే పెట్టారు. నల్గొండ టెక్నిక్ ప్రపంచంలోని పాఠ్యపుస్తకాలకెక్కింది కానీ ఈ పల్లెల గొంతు మాత్రం ఎండిపోయే ఉంది. కృష్ణా నీళ్లు ఇవ్వాలంటూ దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వాన జలసాధన సమితి ఆందోళన సాగించింది. ఆ ఎన్నికల్లో గుంపులు గుంపులుగా నామినేషన్లు వేయించడం ఆ ఆందోళనలో భాగం.

బరిలో 480 మంది మిగిలారు. ఒక్క కాగితం మీద అన్ని పేర్లు పట్టక బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. పోలింగ్ వాయిదా పడింది. చివరికి ధర్మభిక్షమే మళ్లీ గెలిచారు. ముగ్గురికి తప్ప తక్కిన అందరికీ డిపాజిట్లు పోయాయి. అయినా దాన్ని ఓటమి అనడం అన్యాయం. గెలుపు కోసం నిలబడని మనుషులకు డిపాజిట్ లెక్క ఏమిటి? తమ నీళ్ల గోసను దేశం ముందు పెట్టడం వారి పని, అది జరిగింది.

ఆ ఏడాదే తమిళనాడులోని మొడక్కురిచ్చి శాసనసభ స్థానంలో 1,033 మంది, కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది పోటీ చేశారు. వెంటనే పార్లమెంటు చట్టాన్ని సవరించింది. లోక్‌సభకు జనరల్ అభ్యర్థుల డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 250 నుంచి 5,000కు పెరిగింది. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు కానివారికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్న నిబంధన వచ్చింది. పల్లెలు నీళ్లు అడిగితే చట్టం ముందుగా నామినేషన్ దారిని ఇరుకు చేసిందన్నమాట.

1998లో సీపీఐకి చెందిన సురవరం సుధాకరరెడ్డి, 1999లో తెలుగుదేశం నుంచి గుత్తా సుఖేందర్‌రెడ్డి, 2004లో తిరిగి సురవరం గెలిచారు. ఇక్కడ కమ్యూనిస్టులకు ఇప్పటిదాకా అదే చివరి గెలుపు. 2008 పునర్విభజనలో పొరుగున ఉన్న మిర్యాలగూడ లోక్‌సభ స్థానం రద్దయి, భువనగిరి కొత్తగా ఏర్పడింది. నీళ్ల పోరుకు కేంద్రమైన మునుగోడు నేడు భువనగిరిలో ఉంది, కాలువ కింది ప్రాంతాలు నల్గొండలో ఉన్నాయి. ఓటర్ల స్వభావమే మారిపోయింది.

అప్పటి నుంచి ప్రతి ఎన్నికా కాంగ్రెస్‌దే. ఆ పార్టీలో చేరిన గుత్తా 2009, 2014లలో, ఉత్తమ్‌కుమార్‌రెడ్డి 2019లో 25,682 ఓట్ల తేడాతో గెలిచారు. తెలంగాణ రాష్ట్రాన్ని సాధించిన పార్టీగా ఊపు మీదున్న రోజుల్లో కూడా టీఆర్ఎస్‌కు ఈ స్థానం దక్కలేదు. 2024లో కాంగ్రెస్ సీనియర్ నాయకుడు జానారెడ్డి కుమారుడు కుందూరు రఘువీర్‌రెడ్డి 5,59,905 ఓట్ల ఆధిక్యం సాధించారు.

ఇక నీళ్ల విషయానికొస్తే, శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోతలు లేకుండా నల్గొండ మెట్టకు నీరు తేవడానికి ఉద్దేశించిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం పొడవు సుమారు 44 కిలోమీటర్లు. దశాబ్దాల జాప్యం తర్వాత తిరిగి మొదలైన పనుల్లో, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద పైకప్పు కూలింది. లోపల చిక్కుకున్న ఎనిమిది మంది ప్రాణాలతో బయటపడలేదు. అప్పుడు రాష్ట్ర నీటిపారుదల మంత్రి ఈ నియోజకవర్గపు మాజీ ఎంపీ ఉత్తమ్‌కుమార్‌రెడ్డే.