లైనక్సుకి నోరొచ్చిన కథ

ఇన్‌స్టాల్ అయిపోయింది, తెర మీద బొమ్మొచ్చింది, కిందా మీదా పడితే నెట్టూ వచ్చింది. పాట మాత్రం రాలేదు! 1990ల చివర్లోనో 2000ల మొదట్లోనో లైనక్సు వేసుకున్నవాళ్లలో ఈ ముక్క అనని వాళ్లు తక్కువ. "ఊరికే వచ్చేదానికి సౌండు కూడానా" అని వెక్కిరించే విండోసు మిత్రులకీ అప్పట్లో కొదవ లేదు. సౌండు ఎందుకు రాలేదో తెలియాలంటే కోడు ఎంత బాగా రాశారన్నది చూస్తే చాలదు. చిప్పు ఎలా పనిచేస్తుందో చెప్పే కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయో కూడా చూడాలి.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్సు మొదలుపెట్టిన మరుసటి ఏడాదే హన్ను సవొలైనెన్ అనే ఇంకో ఫిన్‌లాండు ఆయన సౌండ్ బ్లాస్టర్‌కి డ్రైవరు రాశాడు. దానికి వాక్స్‌వేర్ అని పేరు పెడితే, ఆ పేరు వేరే కంపెనీదని తేలింది. దాంతో కొన్నాళ్లు "తాత్కాలికంగా పేరులేని సౌండ్ డ్రైవర్" అనే పేరుతోనే నడిచింది (ఇది నా హాస్యం కాదు, నిజంగానే అదే పేరు!). చివరికి ఓపెన్ సౌండ్ సిస్టమ్, అంటే ఓఎస్ఎస్, అని స్థిరపడింది. అందులో నాకు నచ్చేది దాని సాదాతనం. యునిక్సులో అన్నీ ఫైళ్లే కదా, సౌండ్ కార్డూ ఒక ఫైలే. /డెవ్/డీఎస్‌పీ తెరువు, బైట్లు రాయి, స్పీకర్లో మోగుతుంది. అంతే.

అయితే అక్కడిదాకా చేరడమే గగనం. కార్డు ఏ చిరునామాలో ఉంది, ఏ ఐఆర్‌క్యూ, ఏ డీఎంఏ అన్నవి కెర్నెల్ కంపైల్ చేసేటప్పుడే చెప్పాలి. సౌండ్ బ్లాస్టర్ అయితే హెక్సాలో 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అని చాలామందికి కంఠతా వచ్చేది. ఒక అంకె తేడా వస్తే మళ్లీ కంపైల్. 486 మీద కెర్నెల్ కంపైల్ అంటే భోంచేసి, ఓ కునుకు తీసి రావచ్చు.

తర్వాత జంపర్లు లేని ప్లగ్ అండ్ ప్లే ఐఎస్ఏ కార్డులొచ్చాయి. పని సులువవుతుందనుకుంటే ఇంకా ముదిరింది. ఆ కార్డుని ఎవరో ఒకరు నిద్రలేపాలి. విండోస్ 95 లేపేది, అప్పటి లైనక్సు కెర్నెల్ తనంతట తాను లేపేది కాదు. ఐఎస్ఏపీఎన్‌పీ టూల్స్ అని ఉండేవి. అవి కార్డుని అడిగి పేజీల కొద్దీ ఫైలొకటి రాసిపెడితే, అందులో మనకి కావలసిన లైన్ల ముందున్న హాష్ గుర్తులు ఒక్కొక్కటే తీసుకుంటూ పోవాలి. అదీ కుదరకపోతే ముందు డాస్‌లోకి వెళ్లి, కార్డుతో వచ్చిన ప్రోగ్రాముతో దాన్ని లేపి, అక్కణ్ణించి లోడ్‌లిన్‌తో లైనక్సులోకి దూకడం. పాట వినడానికి రెండు ఆపరేటింగ్ సిస్టములన్నమాట.

మన దగ్గర అయితే ఇంకో చిక్కు. పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలోంచి లైనక్సు వేసుకున్నవాళ్ల మిషన్లు ఎక్కువగా అసెంబుల్డువి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్న కార్డు పెట్టె మీద "సౌండ్ బ్లాస్టర్ కంపాటిబుల్" అని ఉంటుంది, లోపల చిప్పు ఏదో మూత తీసి భూతద్దం పెట్టి చదవాలి. ఈ బాధ కొంత తీర్చింది రెడ్‌హ్యాట్. ఆ కంపెనీ డబ్బుతో ఆలన్ కాక్స్ సౌండు డ్రైవర్లని మాడ్యూళ్లుగా విడగొట్టాడు, దాంతో అంకె మార్చినప్పుడల్లా కంపైల్ చేసే పని తప్పింది. సౌండ్‌కాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రామూ ఇచ్చారు. అన్నీ కుదిరితే అది లైనస్ గొంతు వినిపించేది: తన పేరు చెప్పి, లైనక్స్ అనే మాటని తానెలా పలుకుతాడో చెప్పే రెండు ముక్కలు. ఎంతోమంది లైనక్సు మిషన్లు మొట్టమొదట పలికిన పలుకు అదే.

ఇక కాగితాల సంగతి. కొన్ని కంపెనీలు రహస్య ఒప్పందం మీద సంతకం పెడితే తప్ప చిప్పు వివరాలిచ్చేవి కావు. సంతకం పెట్టినవాడు సోర్సు బయటపెట్టలేడు. హన్ను 4ఫ్రంట్ టెక్నాలజీస్‌తో కలిసి ఓఎస్ఎస్‌ని రెండుగా నడిపాడు: కెర్నెల్లో ఉచితంగా ఉండేది ఒకటి, ఎక్కువ కార్డులతో డబ్బుకి అమ్మేది ఒకటి. "అమ్ముడుపోయాడు" అని చాలామంది ఆడిపోసుకున్నారు. నాకైతే అది అన్యాయమనిపిస్తుంది. ఏళ్ల తరబడి కార్డు వెనక కార్డుకి డ్రైవర్లు రాసే మనిషికి ఇల్లు గడవొద్దూ? కాకపోతే కెర్నెల్ సౌండు మొత్తం ఒక కంపెనీ వ్యాపారం మీద ఆధారపడటం మంచిది కాదన్న భయంలోనూ న్యాయముంది.

ఆ భయం ఎంత నిజమో ఆరియల్ కార్డులు కొన్నవాళ్లకి బాగా తెలుసు. వాళ్ల వోర్టెక్స్ చిప్పులు మంచివే. లైనక్సు డ్రైవరూ ఇచ్చారు గానీ అసలు గుండెకాయ బైనరీగానే ఉంచారు. క్రియేటివ్ వేసిన పేటెంటు దావాలో ఆరియల్ 1999లో గెలిచింది, కానీ కోర్టు ఖర్చులకే దివాలా తీసింది. 2000లో దాని ఆస్తుల్ని కొనుక్కున్నది ఎవరనుకున్నారు? ఆ క్రియేటివే! బైనరీ ముక్కకి దిక్కు లేకుండా పోయింది. తర్వాత కొందరు ఔత్సాహికులు చిప్పుని తవ్వి చూసి, కెర్నెల్ 2.6 రోజుల్లో సొంత డ్రైవరు తెచ్చారు. తమాషా ఏంటంటే, ఇదే క్రియేటివ్ తన సౌండ్ బ్లాస్టర్ లైవ్ డ్రైవరు సోర్సుని 1999లో జీపీఎల్ కింద ఇచ్చేసింది. అందుకే కొన్నాళ్లపాటు లైనక్సువాళ్లు "ఏ కార్డు కొనమంటావ్" అంటే లైవ్ పేరే చెప్పేవాళ్లు.

ఆల్సా ఈ మధ్యలోనే పుట్టింది. చెక్ దేశపు యరొస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం రాసుకున్న డ్రైవరు నుంచి 1998లో పెరిగి, 2002లో 2.5 కెర్నెల్లో చేరి, 2003 డిసెంబరులో 2.6తో అందరికీ వచ్చింది. అన్నీ సరిగ్గా పెట్టినా మొదట నిశ్శబ్దమే! ఎందుకంటే ఆల్సా అన్ని ఛానెళ్లనీ మ్యూట్ చేసి మొదలుపెట్టేది. ఆల్సామిక్సర్ తెరిచి ఎం నొక్కాలని చెప్పేవాడు దొరికేదాకా డ్రైవర్ని తిట్టుకుంటూ కూర్చున్నవాళ్లు ఎందరో. ఓఎస్ఎస్ సోర్సు మొత్తం 2007లో బయటపెట్టారు, అప్పటికే పెళ్లి అయిపోయి పందిరి పీకేశారు.

తర్వాతి గొడవలు మీకు గుర్తుండే ఉంటాయి. 2007లో ఫెడోరా 8, 2008లో ఉబుంటు 8.04 పల్స్ ఆడియోని తెచ్చినప్పుడు పాటలు మళ్లీ తెగిపోయాయి, తిట్లు మళ్లీ మొదలయ్యాయి. 2021లో ఫెడోరా 34 విమ్ టేమన్స్ రాసిన పైప్‌వైర్‌కి మారినప్పుడు మాత్రం పెద్దగా గోల లేదు.

ఈలోగా 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ప్రమాణాన్ని తెచ్చింది. ఒకే డ్రైవరు చాలు అనుకున్నారు. కానీ చిప్పు ఒకటే అయినా దాని ఏ కాలు స్పీకరుకి, ఏది హెడ్‌ఫోనుకి కలిపారో ఒక్కో లాప్‌టాప్‌లో ఒక్కో రకం. బయాస్ ఆ వివరం సరిగ్గా చెప్పకపోతే డ్రైవరే గుర్తు పెట్టుకోవాలి. కెర్నెల్ సోర్సులో రియల్‌టెక్ చిప్పుల కోడు తెరిచి చూడండి: ఫలానా మోడల్‌కి ఫలానా సర్దుబాటు అంటూ చాంతాడంత పట్టిక. ఎక్కడో ఎవరి లాప్‌టాప్‌లోనో సౌండు రాకపోతే, ఆ మనిషి ఊరుకోకుండా బగ్ రాసి, అడిగిన వివరాలన్నీ పంపితే అందులో ఒక లైను చేరుతుంది. ఇప్పటికీ చేరుతూనే ఉన్నాయి.